ఢిల్లీ హేమంతమున ప్రాతస్సంచారము

వాది: ఆరోగ్యమునకు ఆధారమైన దినచర్యలలో నేను మనసార నమ్మినది ఒక్కటియే: తెల్లవారకమునుపు లేచి, దేహము వెచ్చబడువఱకు నడచుట. ఆహారనియమము పండుగనాడు చెడును. నిద్రానియమము ఇంటికి చుట్టములు వచ్చిననాడు చెడును. మందులనియమము మఱపువలన చెడును. జోళ్లు తొడిగికొని గడప దాటిన మనుష్యుని నియమమును చెఱుపగలది మాత్రము అంత సులభముగా దొరకదు. అట్టిదానిని ఈ నగరమున కార్తికము మొదలుకొని మాఘమువఱకు మానివేయుడని మీరు చెప్పుచున్నారు. వైద్యులు పొగాకు మానుమనుట విన్నాను, మద్యము మానుమనుట విన్నాను. నడక మానుమనుట ఇప్పుడే వినుచున్నాను.

ప్రతివాది: నడక మానుడని నే ననలేదు. ఈ ఋతువున, ఈ వేళను, ఈ గాలిలో నడచుట మానుడంటిని. ఈ మూడింటిని మీరు విడదీయనంతకాలము మన మాటలు కలియవు. హేమంతమున ఢిల్లీమీది ఆకాశము రాత్రివేళ నిర్మేఘముగా నుండుటచేత భూమి తన వేడిమిని వేగముగా కోల్పోవును. నేలనంటియున్న గాలి చల్లబడి బరువెక్కి క్రిందనే నిలిచిపోవును. దానికి పైన వెచ్చనిగాలి యొక పొరగా ఏర్పడి వంటపాత్రమీది మూతవలె కప్పుకొనును. పగటివేళ అడ్డగింపబడి రాత్రి నగరములోనికి విడువబడు లారీలును, చుట్టుప్రక్కల ఇటుకబట్టీలును, కర్మాగారములును, చలికాచుకొనువారి మంటలును విడిచిన పొగ యంతయు ఆ క్రిందిగాలిలో చిక్కుకొని, వీచు గాలియు లేక, వేకువకు చిక్కబడియుండును. సూర్యుడు నేలను వేడిచేసి ఆ పొరను చెదరగొట్టువఱకు అది పైకి పోవుటకు త్రోవలేదు. మధ్యాహ్నము రెండు మూడు గంటలవేళ సామాన్యముగా గాలి ఉన్నంతలో మేలు. చీకటిపడినది మొదలు మరల చెడును. మన పెద్దలు బ్రాహ్మీముహూర్తమని మన్నించిన వేళయే ఈ యూర, ఈ ఋతువున, ఊపిరితిత్తులకు మిక్కిలి ప్రతికూలమైన వేళలలో నొకటి యగుట మన దౌర్భాగ్యము. దానిని మీరు నియమనిష్ఠ యని పిలుచుచున్నారు.

వాది: ఆ సంగతి నేనెఱుగనిది కాదు. గాలినాణ్యత సూచికయైన ఏక్యూఐ అంకె నా చేతిఫోనులోను కనబడుచునే యున్నది. కాని ఆ అంకెకు జడిసి మంచము దిగనివానికి మఱి యే యంకెలు పెరుగునో అదియు చెప్పవలెను గదా! భారత వైద్యపరిశోధనామండలివారి సర్వే 2023లో వెలువడినపుడు ఈ దేశమున మధుమేహము గలవారు పదికోట్లకు మించిరని తేలినది. మనవాండ్రకు ఈ వ్యాధి పాశ్చాత్యులకంటె తక్కువ బరువుననే, తక్కువ వయస్సుననే సంక్రమించును. అందువలననే పురుషునకు 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటిన నడుమును మనదేశపు వైద్యులు హెచ్చరికగా పరిగణింతురు. తెలుగువాడు ఢిల్లీకి వచ్చినను అన్నము విడువడు; విడువవలెనని నేననను. కాని చేలగట్లమీద తిరిగి తాతలు అరిగించుకొనిన ఆ అన్నమునే నోయిడాలో పదునాఱవ అంతస్తునకు లిఫ్టులో ఎక్కి, లిఫ్టులో దిగి, కారులో కూర్చుండి, కచేరిలో కూర్చుండి అరిగించుకొనుట ఎట్లు? పొగ చంపునది నిజమే. కుర్చీయు చంపును, దాని అంకెను ఏ కూడలియందును ఎఱ్ఱదీపములతో ప్రదర్శింపరు కాబట్టి దానికి మనము భయపడము.

ప్రతివాది: కుర్చీ చంపునని ఎవరు కాదనిరి?

వాది: కాదనలేరు. ఏలయనగా దానికి సాక్ష్యము బలమైనది. 1953లో లండను నగరమున జెర్రీ మారిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి ఒక ఫలితమును ప్రకటించెను. డ్రైవరు దినమెల్ల కూర్చుండును. కండక్టరు టిక్కెట్లు కోయుచు మేడమెట్లు ఎక్కుచు దిగుచు నుండును. కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకంటె తక్కువగా వచ్చినది. వచ్చినను తొలిదెబ్బతోనే ప్రాణముతీయుట తక్కువగా నుండినది. ఇందు మీరు గమనింపవలసినది మఱియొకటి కలదు. ఆ యిద్దఱును ఒకే బస్సులోనివారు. ఒకే లండను గాలిని, ఆనాటి బొగ్గుపొగ నిండిన గాలిని, ప్రక్కప్రక్కన పీల్చినవారు. గాలి సమానమైనపుడు కదలినవాడు బ్రతికెను, కూర్చున్నవాడు చెడెను. ఢిల్లీలో మన స్థితి అంతకంటె భిన్నమా?

ప్రతివాది: లండనును మీరే పిలిచితిరి కాబట్టి ఆ యూరిని పూర్తిగా పిలువుడు. మారిస్ తన ఫలితమును ప్రకటించుటకు ముందటి డిసెంబరులో, 1952వ సంవత్సరము 5వ తేదీ మొదలు 9వ తేదీవఱకు, అదే నగరముమీద ఇప్పుడు నేను వర్ణించిన పొగయే క్రమ్ముకొనినది. నేలనంటిన చలిగాలి, పైన వెచ్చనిపొర, నడుమ బొగ్గుపొగ. ఆనాటి ప్రభుత్వపు లెక్కకు సుమారు నాలుగువేలమంది మరణించిరి. పిమ్మట లెక్కలు తిరుగవేసినవారు పండ్రెండువేలవఱకు చెప్పిరి. పోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు, గుండెజబ్బువారు, ఉబ్బసపువారు; అనగా, నొప్పించుటకు కాదు గాని, మీ ఉద్యానవనమున మీతో నడచువారివంటివారు. ఇంకొక మాట. ఆ మారిస్ యే 1956లో బస్సువారి యూనిఫారముల కొలతలు తీసి చూచెను. డ్రైవర్లకు నడుముకొలత కొలువులో చేరినపుడే కండక్టర్లకంటె ఎక్కువగా నుండినదట! కూర్చుండుటవలన లావెక్కిరా, లావుగా నున్నవారే కూర్చుండు పనిలో చేరిరా యను సంశయమును ఆయనయే లేవనెత్తెను.

వాది: సంశయమును దాచుకొనక ప్రకటించినవాని మాటకు విలువ హెచ్చును గాని తగ్గదు. అటుపిమ్మట దేశదేశములయందు ఎందఱో ఆ ప్రశ్ననే వేఱువేఱు విధముల పరీక్షించి, కదలిక గుండెకు హితమనియే చెప్పిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పెద్దలకు వారమునకు నూటయేబది నిమిషములకు తక్కువకాని వ్యాయామము కావలెననుట ఒక బస్సు కథను నమ్మి కాదు. అయినను మీ అభ్యంతరమును అంగీకరించి, ఢిల్లీనే తీసికొందము. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు సరిగా మన వివాదమునే లెక్కకు ఎక్కించిరి. సైకిలు త్రొక్కువానికి శ్రమవలన కలుగు మేలెంత, శ్రమవేళ అధికముగా పీల్చు ధూళివలన కలుగు కీడెంత యని త్రాసునందుంచి చూచి, లండనుకంటె పదిరెట్లు మలినమైన ఢిల్లీ గాలిలోనైనను వారమునకు ఐదుగంటలకు మించి త్రొక్కిననేగాని కీడు మేలును మించదని తేల్చిరి. నేను నడచునది పూటకు అరగంట.

ప్రతివాది: ఆ లెక్క నాకును తెలియును, దానిని గౌరవింతును. కాని దాని లోపల మూడు ఊహలు కలవు. ఆ పరిశోధకులు తీసికొన్నది సంవత్సరమంతటికి సగటుగాలి. జూలై వానలు కడిగిన గాలియు, నవంబరున పంజాబు, హర్యానా పొలములలో వరికొయ్యలు తగులబడునపుడు వచ్చు గాలియు అందులో కలిసిపోయినవి. మీరు నడచుచున్నది సగటులో కాదు, జనవరి వేకువలో. రెండవది, ఆ లెక్క ఊరిజనమునంతటిని ఒక్కరాశిగా చూచినది. ఇన్‌హేలరు జేబులో పెట్టుకొని వచ్చువాని కొఱకు వేఱుగా త్రాసు పట్టలేదు. మూడవది ముఖ్యమైనది. నడచుటకును, కదలక యుండుటకును మధ్య వారు పోలిక చూచిరి. మన మధ్య వివాదము అది కాదు. వేకువను లోదీ గార్డెన్స్‌లో నడచుటకును, మధ్యాహ్నము మూడుగంటలకు అదే తోటలో నడచుటకును, లేదా తలుపులు మూసిన యింటి వసారాలో నడచుటకును మధ్య పోలిక. ఆ పోలికలో మీ వేకువకు గెలుపు ఎట్లు వచ్చునో చెప్పుడు. ఊరక కూర్చున్నవాడు నిమిషమునకు ఆఱేడు లీటర్ల గాలి పీల్చును. వడిగా నడచువాడు అంతకు మూడు నాలుగు రెట్లు పీల్చును. ఆయాసము హెచ్చి నోటితో పీల్చుట మొదలిడినచో ముక్కు చేయు పాటి వడపోతయు ఉండదు. ఒక ఘనపు మీటరు గాలిలో సూక్ష్మధూళి దినపు సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో చెప్పినది 15 మాత్రమే. గాలి ‘అతిహీనము’ అనబడిన దినమున అది 120 దాటియుండును, ‘తీవ్రము’ అనబడిననాడు 250 దాటియుండును. మన సూచికయే ఐదువందలకు చేరిన తరువాత లెక్కించుట మానివేయును. లెక్కించువాడే చేతులెత్తిన చోట మీరు ఊపిరి ఎక్కుపెట్టుచున్నారు.

వాది: ఆ మూడవ మాటకు నావద్ద తక్షణపు సమాధానము లేదని ఒప్పుకొందును. కాగితముమీద అది తిరుగులేనిది. కాని మనుష్యుడు కాగితముమీద నడువడు. వేకువనడకను మధ్యాహ్నమునకు వాయిదావేసిన వానిని నేను చూచితిని. బ్యాంకు, బిల్లు, భోజనము, కునుకు, మనుమరాలిని బడినుండి తెచ్చుట, ఫోను. మూడుగంటలు నాలుగగును, నాలుగు ఐదగును, ఐదింటికి చీకటిపడును. కొలువులో నున్నవానికి మూడుగంటల మాట చెప్పుట పరిహాసము. దినమున ఎవరును మననుండి కోరని ఘడియ వేకువ ఒక్కటియే. ఫిబ్రవరిలో తిరిగి మొదలిడుదునని జోళ్లు అటకమీద పెట్టినవారు ఏప్రిల్‌లో ఎండను నెపముగా చూపుదురు. ఈ యూర వేసవిలో వేకువను నడువనివాడు ఇక నడువనే నడువలేడు కదా. ఆ నాలుగు నెలలు నడవవలెననినచో ఈ నాలుగు నెలలు లేచు అలవాటు చావకుండవలెను.

ప్రతివాది: వేసవిలో వేకువయే సరియైన వేళ యనుటలో నాకు భేదము లేదు. ఆ కాలమున నేనును నడతును. అలవాటు చచ్చునను భయమున్నచో లేచుట మానకుడు. లేచి, ఇంటిలో ప్రాణాయామము కాదు గాని సూర్యనమస్కారములు చేయుడు, మెట్లు ఎక్కుడు, భోజనానంతరము పది నిమిషములు వసారాలో తిరుగుడు. తిన్నవెంటనే కొంత నడచుటవలన రక్తమునందలి చక్కెర అదుపులో నుండుటకు సాయపడునని మధుమేహవైద్యులు చెప్పుచున్నారు. దానికి తోట అక్కఱలేదు. ఋతువునుబట్టి చర్య మార్చుకొనుట మన శాస్త్రమునకు కొత్త కాదు. ఋతుచర్య యను మాటయే మనది.

వాది: శాస్త్రమును మీరు తెచ్చితిరి, మేలు. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమును ఎప్పుడు చేయుమన్నాడో చూడుడు. బలము గలవారు, స్నిగ్ధాహారము తినువారు శీతకాలమునందును వసంతమునందును తమ శక్తిలో సగము వఱకు శ్రమింపవలెననియు, తక్కిన ఋతువులలో దానిని తగ్గింపవలెననియు అతని శాసనము. మీరు మానుమను ఋతువే అతడు చేయుమనిన ఋతువు!

ప్రతివాది: దానికి ముందే వ్యాయామము ఎవరు మానవలెనో అతడే పట్టిక వ్రాసెను, అందులో బాలురును, అజీర్ణము గలవారును, వృద్ధులును ఉన్నారు. ఆ పేరు మన యిద్దఱిలో ఎవరికి చెల్లునో నేను చెప్పను.

వాది: చెప్పనక్కఱలేదు, నేనే ఒప్పుకొనుచున్నాను. ఐనను శాస్త్రములో మనకు నచ్చిన ముక్కను తీసికొని తక్కినది విడుచుట యిద్దఱకును సమానమైన దోషమే.

ప్రతివాది: అట్లయిన విడువరాని ముక్క యొకటి చెప్పుదును. చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసనీయమను అధ్యాయము కలదు. పాంచాలదేశపు రాజధానియైన కాంపిల్యమున, గంగ యొడ్డున, ఆత్రేయుడు శిష్యునితో ముచ్చటించును. ఆ కాంపిల్యము ఎక్కడిదో కాదు, మనకు తూర్పున నున్న నేటి ఉత్తరప్రదేశములోనిదే. మనుష్యులు ప్రకృతిలో, ఆహారములో, బలములో, వయస్సులో ఒకరితో నొకరు పోలియుండరు గదా, మఱి ఊరూరంతయు ఒక్కమాఱు ఒకే వ్యాధిచే ఎట్లు నశించునని ప్రశ్న. వాయువు, జలము, దేశము, కాలము అందఱికి ఉమ్మడివి కాబట్టి అవి చెడినపుడు వేఱువేఱు ప్రకృతులవారైనను ఒక్కమాఱే వ్యాధిపాలగుదురని సమాధానము. ఆ చెడుటకు మూలము అధర్మమనియు, అది పాలించువారినుండి మొదలై జనులకు ప్రాకుననియు ఆ ఋషి స్పష్టముగా చెప్పెను. ఇంతకంటె ఢిల్లీని వర్ణించిన గ్రంథము వేఱొకటి నేనెఱుగను. మీరు పట్టుదలతో రక్షించుకొను వ్యక్తిగతమైన నియమము, ఉమ్మడిగాలి చెడిన చోట, దాదాపు నిరర్థకము.

వాది: దాదాపు అనినారు, సంతోషము. ఆ అధ్యాయముననే, ఆ నాలుగింటిలో వాయువుకంటె జలము, జలముకంటె దేశము, దేశముకంటె కాలము తప్పించుకొనుటకు కష్టమని తారతమ్యము చెప్పబడినది. అనగా గాలి అన్నిటికంటె తప్పించుకొన వీలైనదని ఆత్రేయుని అభిప్రాయము. గాలి తగులని గదిలో కూర్చుండిన చాలునని ఆయన కాలమువారు తలంచియుండవచ్చును. మన గదుల సంగతి వేఱు. తలుపు మూసినంత మాత్రమున ఆ సూక్ష్మధూళి బయట నిలువదు, కిటికీసందులనుండి వచ్చును, తాళింపు పొగయు, అగరువత్తి పొగయు దానికి తోడగును. ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకొనుడందురు. పెట్టుకొనగలవాని యిల్లు, పెట్టుకొనజాలనివాని యిల్లు అని గాలికి కూడ రెండు ధరలు ఏర్పడినవన్నమాట! మీ సొసైటీ ద్వారముకడ రాత్రియెల్ల నిలుచు కాపలావాడు చలికి తాళజాలక పుల్లలు పోగుచేసి మంట వేయును. ఆ మంట పొగ మీ కిటికీకి వచ్చునని మీరే నివాసుల సంఘమైన ఆర్ డబ్ల్యూ ఏ వారికి ఫిర్యాదు చేయుదురు. అతనికి మధ్యాహ్నము మూడుగంటల వాయిదా లేదు, ట్రెడ్‌మిల్ లేదు, గది లేదు. వేకువను ఆజాద్‌పూర్ మండీలో కూరగాయలు దించువానికిని, మెట్రో మెట్లు తుడుచు ఆడుదానికిని మీ ఋతుచర్యను ఎట్లు వినిపింతురు?

ప్రతివాది: ఈ మాట నన్ను తాకినది, తాకలేదని అనను. కాపలావానికి విద్యుత్ హీటరు ఇయ్యవలెనని గాలినాణ్యత నిర్వహణ సంఘము వారి నియమావళిలోనే ఉన్నది. ఇచ్చిన సొసైటీలు ఎన్ని యున్నవో మనకు తెలియును. కాని, అయ్యా, అతడు విధిలేక పీల్చుచున్నాడను కారణమున మీరు కోరి పీల్చుట అతనికి ఏ విధమైన న్యాయము? ఉపవాసమున్న పేదవానిపట్ల సానుభూతితో ధనికుడు అన్నము పారవేసిన పేదవానికి ముద్ద దొరకునా? మీరు ఇంట నుండి, ఆ గంటసేపు ఒక ఉత్తరము వ్రాయుడు. 1985లో ఎం. సి. మెహతా అను న్యాయవాది ఢిల్లీ గాలిని గూర్చి అత్యున్నత న్యాయస్థానమునకు వెళ్లినందువలననే, 1998లో ఆజ్ఞ వెలువడి, పిమ్మట కొన్నేండ్లకు ఈ నగరపు బస్సులన్నియు సీఎన్జీకి మాఱినవి. లండనులోను 1952 పొగ 1956లో శుద్ధవాయుచట్టమునకు దారితీసినది. గాలిని బాగుచేసినది చట్టము గాని, పొగలో నడచినవారి ధైర్యము కాదు.

వాది: ఆ నాలుగేండ్లు లండనువారు నడచుట మానిరా?

ప్రతివాది: మానలేదు, వారికి అంకె లేదు. మనకు కలదు.

వాది: అంకె యుండియు మనకు చట్టము పనిచేయుట లేదు. అది మనలో ఇద్దఱికిని తెలిసిన విషయము. సీఎన్జీ వచ్చినపుడు ఇక బాగుపడితిమి అనుకొంటిమి. 2017లో దశలవారీ కార్యప్రణాళిక వచ్చినది. దానికి పైన చట్టబద్ధమైన సంఘము వచ్చినది. ప్రతి నవంబరున ఇటుకపని ఆగును, బడులు ఆన్‌లైనుకు మాఱును, జనవరికి అంతయు మఱపునకు వచ్చును. చట్టము వచ్చువఱకు నడక వాయిదావేయుమనుట నాబోటివానికి జీవితకాలపు వాయిదా యగును.

ప్రతివాది: క్రీడాకారులు వాయిదావేసికొనిరి గదా! 2017 డిసెంబరులో ఫిరోజ్‌షా కోట్లా మైదానమున శ్రీలంక ఆటగాండ్రు మాస్కులు తొడిగికొని టెస్టు ఆడుట మీరును చూచియుందురు. ఆ నవంబరుననే ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను నిలుపుడని భారత వైద్యసంఘమువారు వేడుకొన్నను అది జరిగినది. పిదప కొన్నేండ్లకు ఆ పరుగును అక్టోబరునకు జరిపిరి. ఉక్కువంటి ఊపిరితిత్తులు గల యువకులే వెనుకకు తగ్గిన చోట, డెబ్బది యేండ్లవారు ముందుకు సాగుట నాకు వీరత్వముగా తోచుట లేదు.

వాది: వీరత్వమని నేననలేదు. పోనిండు, సూర్యరశ్మి మాట యేమి? చలికాలమున ఇంటబడియున్నవానికి ఎముకలకు కావలసిన డి విటమిను ఎక్కడిది?

ప్రతివాది: వేకువ ఎండలో అది దాదాపు లేదు. ఆ విటమినును పుట్టించు కిరణములు సూర్యుడు ఎత్తున నున్నపుడే నేలకు చేరును. కావున ఈ వాదము మధ్యాహ్నపు నడకకే బలము. అంతేకాదు, 2002లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఢిల్లీ మోరీగేటు ప్రాంతపు పసిపిల్లల రక్తమున డి విటమిను గుడ్‌గావ్ పిల్లలకంటె తక్కువగా నున్నదనియు, పొగపొర ఆ కిరణములను అడ్డగించుటయే దానికి హేతువనియు తేలినది. గాలి శుభ్రమైన చోటికి ఉదాహరణగా నాడు ఎన్నుకొనబడినది నేటి గురుగ్రామము! నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. లోదీ రోడ్డు అంకె ఆనంద్ విహార్ అంకెకంటె సామాన్యముగా తక్కువనియు, చెట్లున్నవనియు మీరు చెప్పబోవుదురు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనను ముందే చెప్పుచున్నాను. అఱువది దాటినవారిని లండనులో హైడ్ పార్కునందొకమాఱు, డీజిలు బస్సులు తిరుగు ఆక్స్‌ఫర్డ్ వీథిలో నొకమాఱు రెండేసి గంటలు నడిపించి చూచిరి. పార్కులో ఊపిరి మెఱుగయ్యెను, ధమనుల బిఱుసు తగ్గెను. వీథిలో ఆ మేలు చాలవఱకు హరించెను. ఆ పాడువీథి గాలి మన జనవరిగాలికంటె ఎన్నో రెట్లు నిర్మలము.

వాది: అంకెల వాదమున మీరు నన్ను గోడకు చేర్చితిరి. కాని నేను నడచుట అంకెలకొఱకు మాత్రమే కాదని ఇంతవఱకు చెప్పుటకు సంకోచించితిని. మునుపటి కాలపు తెలుగువారు ఈ నగరమునకు కొలువులకై వచ్చి, కరోల్‌బాగ్‌లో గుంపులుగా కాపురముండి, సంఘములు కట్టుకొనిరి. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించుట ఆ యైకమత్యపు ఫలమే. నేడు వచ్చు తల్లిదండ్రుల తీరు వేఱు. కొడుకు కొలువు గురుగ్రామములో, కోడలి కొలువు నోయిడాలో. తలుపునకు ఎదురుగ తలుపున్నను ఆ లోపలివారి భాష వేఱు. హిందీ రాదు, ఇంగ్లీషు చాలదు. పగలంతయు టీవీతో మాటలాడి, రాత్రి అలసివచ్చిన పిల్లలతో రెండు మాటలు మాటలాడి నిద్రపోవుదురు. అట్టివారికి వేకువను తోటలో, సికందర్ లోదీ సమాధి ప్రక్క బెంచీమీద, గుంటూరు మిరపధరను, గోదావరి వరదను, మోకాళ్లనొప్పిని గూర్చి తెలుగులో ముచ్చటించుటకు నలుగురు దొరకుట ఏ మందులచీటిలో వ్రాయగలరు? ఒంటరితనము వృద్ధుల ఆయుస్సును హరించునని మీ వైద్యులే చెప్పుచున్నారు. ఇంటి వసారాలో ట్రెడ్‌మిల్‌మీద నడచువాడు గోడతో మాటలాడవలెను.

ప్రతివాది: ఇంతసేపు దాచిన ఈ మాటయే మీ వాదమునకు ప్రాణము. దీనికి నా లెక్కలలో చోటు లేదని ఒప్పుకొనుచున్నాను. కాని ఇందువలననే నా భయము హెచ్చినది. ఆ నలుగురిలో ఉబ్బసము గలవాడొకడు, గుండెకు స్టెంట్ వేయించుకొనినవాడొకడు లేకపోడు. వారు వచ్చుట గాలిని నమ్మి కాదు, మిమ్ము నమ్మి. ‘ఆయన వచ్చుచున్నాడు గదా, నాకేమి’ అని వచ్చుచున్నారు. మీ నియమము మీ యొక్కరి దనుకొంటిరి. అది మఱి ముగ్గురి నియమమైనది. మీకు తట్టుకొను ఊపిరి యుండవచ్చును. వారి మాట ఎవరు చూతురు?

వాది: ఆ ఉబ్బసపువాడు ఉన్నమాట నిజమే. మాస్కు పెట్టుకొనుమని చెప్పితిని. పెట్టుకొనినచో ఆయాసము హెచ్చుచున్నదని క్రిందికి లాగుకొనును.

ప్రతివాది: ఎన్ 95 మాస్కు ధూళిని చక్కగా ఆపును, వాయువులను ఆపదు, ముఖమునకు బిగుతుగా నుండనిచో ధూళిని కూడ ఆపదు, బిగుతుగా నున్నచో అట్టివానికి ఊపిరి కష్టమగును. కావున మాస్కును మనము రాజీగా చూపలేము. అతనిని రావలదని చెప్పుడు.

వాది: రావలదని చెప్పుట నాకు రెండు మాటల పని. ఆ తరువాత అతడు ఆ దినమున ఎవరితో మాటలాడునో చెప్పుట మీ పని.

ప్రతివాది: సరే, హద్దు నిర్ణయింతము. సూచిక రెండువందలు దాటిన దినమున ఎవరును వేకువను రారాదు.

వాది: రెండువందలన్నచో నవంబరునుండి బెంచీ ఖాళీగా నుండును. మూడువందలు.

ప్రతివాది: మీకు మూడువందలు, ఆయనకు రెండువందలు.

వాది: ఒక బెంచీకి రెండు హద్దులు కుదురవు. ఆయన లేనిచో తక్కిన యిద్దఱును రారు. వారి స్నేహము ఆయనతోనే.

ప్రతివాది: అట్లయినచో మధ్యాహ్నము మూడుగంటలకు ఆ ముగ్గురిని రమ్మనుడు. నేనును వత్తును. తెలుగు మాటలాడుటకు ఐదవవాడు దొరకినట్లుండును.

వాది: డిసెంబరు, జనవరి నెలలలోను వత్తురా?

ప్రతివాది: వత్తును, ఆ వేళకు సూచిక మూడువందలకు లోబడియున్నచో.

వాది: జనవరిలో అట్టి దినములు ఎన్ని వచ్చునో, పోయిన యేటి లెక్క మీకు కంఠస్థమై యుండును. వారికి ముందుగా చెప్పి యుంచవలెను, ఎన్ని?